తినని సమోసా

మా అమ్మాయి ఆ సమోసా తినలేదు.

ఈ ఒక్క మాట పైకి అనడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. ఆసుపత్రిలో తన ఫైలు మీద తిన్నట్టు రాసి ఉంది. మా బంధువుల్లో సగం మందికి తిన్నదనే తెలుసు. వాళ్ళమ్మ తిన్నదనే నమ్మింది. తినలేదని కచ్చితంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసీ నోరు మెదపలేదు. చిన్న విషయమే కదా, పిల్ల మర్చిపోయి ఉంటుందిలే అనుకుంటూ వచ్చాను. మర్చిపోలేదు. అంతకన్నా ఘోరం జరిగింది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పుడు మేము దేశ రాజధానిలో, మయూర్ విహార్‌లో ఉండేవాళ్ళం. నాది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. కింది నుంచి వచ్చిన నోట్‌లో తప్పులు పట్టి, సరిచేసి, సంతకం పెట్టి పైకి పంపడం నా పని. నా చేతిలోంచి వెళ్ళిన కాగితంలో తప్పుండదని మా సెక్షన్‌లో పేరు. ఆ పేరు నన్ను ఎంత చెడగొట్టిందో తర్వాత తెలిసింది.

మా అమ్మాయికి పదేళ్ళు వచ్చినా ఏడేళ్ళ పిల్లలా ఉండేది. పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, ముందుకు పొడుచుకొచ్చిన పొట్ట. రక్తం లేదని టానిక్కులు పట్టించాం. నులిపురుగులన్నారు, మందు వేశాం. దిష్టి అన్నారు, మా ఆవిడ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. చివరికి ఒక పెద్దాసుపత్రిలో పేగుల డాక్టరు రక్తపరీక్ష చేయించి, గొంతులోంచి గొట్టం వేసి చూసి, సీలియాక్ అన్నాడు. గోధుమలో ఉండే ఒక పదార్థం ఈ పిల్ల పేగుకి పడదు, చిటికెడు కూడా పడదు, జన్మంతా పడదు అని మెల్లగా వివరించాడు. మా ముఖాలు చూసి మళ్ళీ ఆయనే నవ్వాడు.

"మీకేం కష్టం? మీరు చావల్ తినేవాళ్ళు! నా దగ్గరికొచ్చే పంజాబీ తల్లులు రోటీ లేకుండా ఎలా బతకాలని ఏడుస్తారు."

ఆ మాట నాకు పతకంలా అనిపించింది. ఆసుపత్రి మెట్లు దిగుతూ మా ఆవిడతో కూడా అదే అన్నాను. "మనకేమిటే, పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం పప్పు, రాత్రి అన్నం చారు. ఇదేం పత్యమా? మామూలు భోజనం."

ఆ ఆదివారం వంటింటి మీద పడ్డాను. గోధుమపిండి, బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా, బిస్కెట్లు, పాలలో కలిపే పొడి అన్నీ పక్కింటి ఆంటీకి ఇచ్చేశాను. పెనం కొత్తది తెచ్చాను. ఏం తినచ్చో, ఏం తినకూడదో రెండు వరసలుగా రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించి, కింద తారీఖు వేసి సంతకం కూడా పెట్టాను. మా ఆవిడ నవ్వింది.

"ఏవండీ, స్టాంపు కూడా వెయ్యండి, నిండుగా ఉంటుంది."

"నవ్వు, నవ్వు. ఇక మీదట బజారు నేనే చేస్తాను. ప్రతి పొట్లాం మీదా ఏం రాసుందో చదివి తెస్తాను."

చదివాను కూడా. చిప్స్ పొట్లాలు, చాక్లెట్లు, సాసులు, వేటినీ వదల్లేదు. పరాయి వస్తువులన్నీ చదివాను. మన వస్తువుల్లో చదవడానికేముంటుంది? కందిపప్పు, చింతపండు, మెంతులు, ఇంగువ. ఇంగువ అంటే నాకు ప్రాణం. మా ఇంట్లో చారులోనూ పులిహోరలోనూ పెరుగుపచ్చడిలోనూ చివరికి మజ్జిగలోనూ పడేది. కరోల్ బాగ్‌లో మనవాళ్ళ సరుకులమ్మే కొట్లో పసుపుపచ్చ ప్లాస్టిక్ డబ్బా నేనే ఏరికోరి తెచ్చేవాణ్ణి. దాన్ని తిప్పి చూడాలని నాకు తట్టనే లేదు.

ఆరు నెలలకి రక్తపరీక్ష చేస్తే జబ్బుని చూపే అంకె కాస్త తగ్గింది. ఏడాదికి చూస్తే అక్కడే ఉంది. పిల్ల ఎత్తు వేలెడు కూడా పెరగలేదు. డాక్టరు కళ్ళజోడు తీసి మా వైపు చూశాడు.

"ఇంట్లో గోధుమ ఏదైనా కడుపులోకి వెళ్తోందా?"

"లేదు సార్," అన్నాను. "ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువూ నేనే చదివి తెస్తాను. అన్నీ చూశాను."

అన్నీ చూశాను అన్నది అబద్ధమని అప్పుడు నాకు తెలియదు. కానీ నిజమని కూడా తెలియదు కదా. తెలియని దాని మీద సంతకం పెట్టేశాను.

"అయితే బయట తింటోంది," అన్నాడాయన. పిల్ల వైపు వంగి, "బేటా, స్కూల్లో ఫ్రెండ్స్ ఏమైనా పెడుతున్నారా?"

"నో అంకుల్."

ఇంటికొచ్చేవరకూ నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడం నా పద్ధతి. ఇంటికొచ్చాక హాల్లో కూర్చోబెట్టి అడిగాను. సచ్చీ నాన్నా, తినలేదు అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే. అమ్మ మీద ఒట్టు వెయ్యమన్నాను. మా అమ్మాయి లేచి వెళ్ళి, కింద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతున్న వాళ్ళమ్మ నెత్తిన చెయ్యి పెట్టింది.

"అమ్మ మీద ఒట్టు. నేనేం తినలేదు."

"పోన్లెండి, పిల్ల ఒట్టేసింది కదా," అంది మా ఆవిడ.

"ఒట్టుదేముంది? రక్తం అబద్ధం చెప్పదు," అన్నాను.

ఆ మాట అన్నందుకు చాలాకాలం లోలోపల మెచ్చుకున్నాను నన్ను నేను.

ఆ నెలలో వాళ్ళ క్లాసు పిల్లల్ని రెండ్రోజులు జైపూర్ తీసుకెళ్తున్నారు. నిజం చెబితేనే పంపిస్తానన్నాను. రోజూ పొద్దున ఆఫీసుకి బయల్దేరేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి అడిగేవాణ్ణి. అరవలేదు, కొట్టలేదు. శాంతంగా అడిగేవాణ్ణి. "ఏమ్మా, గుర్తొచ్చిందా?" అని. స్కూలు సంచీ చూసేవాణ్ణి. స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళనివ్వలేదు. తొమ్మిదో రోజో పదో రోజో నేను బూట్లు వేసుకుంటుంటే వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, తిన్నాను."

"ఏం తిన్నావు?"

కాసేపు ఆలోచించింది. "సమోసా."

"ఎక్కడ?"

"స్కూల్ గేటు దగ్గర."

"ఎన్ని?"

"ఒకటి." నా ముఖం వైపు చూసింది. "రెండా?"

నన్నే అడిగింది. ఎన్నంటే నాకు సరిపోతుందో నన్నే అడిగింది. ఆఫీసులో కుర్ర గుమాస్తా అలా జవాబు చెబితే వెంటనే పట్టుకునేవాణ్ణి. ఇక్కడ పట్టుకోలేదు. నాకు కావలసింది దొరికింది. వంటింట్లోకి వెళ్ళి, "చూశావా? అడిగే పద్ధతిలో అడగాలి," అన్నాను మా ఆవిడతో.

జైపూర్ పంపలేదు. నిజం చెప్పినందుకు మెచ్చుకుని, తిన్నందుకు శిక్ష వేశాను. రెండూ న్యాయమే అనిపించింది. డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఫైల్లో రాసుకున్నాడు.

ఆ తర్వాతి వారం మా ఆవిడకి జ్వరం వచ్చింది. ఊరంతా ఉన్న జ్వరమే. దుప్పటి కప్పుకుని పడుకుని కూతురితో సరదాకే అంది, "నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసి, సమోసాలు లాగించావు కదే. చూడు ఏమైందో." తను నవ్వుతూనే అంది. పిల్ల నవ్వలేదు. ఆ మూడు రోజులూ మంచం పక్కనుంచి కదల్లేదు. స్కూలుకి వెళ్ళనంది. వాళ్ళమ్మ పాదాలు పట్టుకుని కూర్చుంది. ఎంత ప్రేమో అని మురిసిపోయాం.

అప్పటినుంచి ఒక కొత్త అలవాటు మొదలైంది. స్కూలు నుంచి రాగానే ఎవరూ అడక్కుండానే గౌను జేబులు బయటికి లాగి చూపించేది. టిఫిన్ డబ్బా మూత తీసి చూపించేది. "దేఖో, కుఛ్ నహీ, ఏమీ లేదు," అనేది. నేను ఠీక్ హై అని తలూపేవాణ్ణి.

వానలు మొదలయ్యాక, ఒకరోజు ఆఫీసు కాంటీన్‌లో మా పక్క సెక్షన్ పంజాబీ ఆయన, మరదలి కూతురికి ఇదే జబ్బట, మాటల్లో అన్నాడు. "అంతా మానిపించినా తగ్గలేదు సాబ్. తీరా చూస్తే హీంగ్, అదే మీ ఇంగువ!"

"హీంగ్‌లో గోధుమెందుకుంటుంది?" అన్నాను నవ్వి.

"అరే, ఒట్టి హీంగ్ ఎవడు అమ్ముతాడు? మైదా కలిపి పొడి చేస్తారు. డబ్బా మీద రాసే ఉంటుంది. మీరు చదవలేదా?"

మీరు చదవలేదా అన్నాడు.

ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళాను. పోపుల పెట్టె పక్కన పసుపుపచ్చ డబ్బా. తిప్పాను. వెనక, చీమల్లాంటి అక్షరాల్లో, రెండో పేరే గోధుమపిండి. మళ్ళీ చదివాను. ఈ ఏడాదిన్నరలో ఎన్ని గిన్నెల చారు, ఎన్ని పులిహోరలు. రోజూ రెండు పూటలా పక్కన కూర్చుని, ఇంకాస్త పోసుకోమ్మా, ఒంటికి మంచిది అని నేనే పోసిన చారు.

వెనక బల్ల దగ్గర మా అమ్మాయి హోంవర్కు చేసుకుంటోంది. నేను వంటింట్లో అంతసేపు నిలబడటం వింతగా తోచి ఉంటుంది.

"క్యా హువా నాన్నా?"

"ఏం లేదమ్మా. చదువుకో."

అంతే. నేను చెప్పకుండా దాచడం మొదలైంది అక్కడే. తర్వాత చెప్పకుండా గడిపిన రోజులన్నీ ఆ ఒక్క మాటకి పొడిగింపులే.

మర్నాడు ఆ డబ్బా పాత పేపర్లో చుట్టి ఆఫీసు బ్యాగులో పెట్టుకెళ్ళి, బస్టాపు దగ్గర చెత్తకుండీలో పడేశాను. ఇంట్లో చెత్తబుట్టలో వేస్తే మా ఆవిడ చూస్తుందని. బ్యాగులో ఆ వాసన మూడు రోజులు పోలేదు. "సాబ్, ఈసారి ఫైళ్ళు సాంబారులో ముంచి తెచ్చారా?" అని సెక్షన్‌లో ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. ఖారీ బావలీ మసాలా బజారుకి వెళ్ళి పిండి కలపని పచ్చి ఇంగువ బంక తెచ్చాను. అడిగితే, ఇది ఘాటుగా ఉంటుందని ఎవరో చెప్పారన్నాను. "బాగుందండీ, ఎన్నాళ్ళకి మంచిది తెచ్చారు," అంది మా ఆవిడ.

దీపావళి దాటాక పరీక్ష చేస్తే అంకె సగానికి పడిపోయింది. ఆర్నెల్లకి మామూలుకొచ్చింది. పిల్ల రెండంగుళాలు పెరిగింది. డాక్టరు సంతోషపడిపోయి వీపు తట్టాడు.

"శాబాష్! చూశావా బేటా, సమోసా మానేస్తే ఎంత బాగుందో?"

మా అమ్మాయి నేల చూస్తూ "జీ అంకుల్," అంది. నేను ఆ పక్క కుర్చీలోనే ఉన్నాను. చేతిలో రిపోర్టు ఉంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. రిపోర్టు మడిచి కవర్లో పెట్టాను.

ఎందుకు చెప్పలేదని చాలాసార్లు నన్ను నేను అడిగాను. చెబితే మా ఆవిడ తట్టుకోలేదనుకున్నాను, ఆ చారు పెట్టింది తన చేతులే కదా. పిల్లకి ఇప్పుడు బాగుంది కదా, పాతవి ఎందుకనుకున్నాను. ఇవి అబద్ధాలు కావు కానీ అసలు కారణాలూ కావు. అసలు కారణం, పదకొండేళ్ళ పిల్ల ముందు, చదవలేదమ్మా అని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. ఆఫీసులో అయితే పొరపాటును దిద్దడానికి ఒక పద్ధతుంది. ఇంట్లో తండ్రి పొరపాటు దిద్దే పద్ధతి నేనెక్కడా చూడలేదు. మా నాన్న దగ్గరా చూడలేదు.

పిల్ల పెద్దదైంది. అందరూ మెచ్చుకునేలా పెరిగింది. పెళ్ళిళ్ళకొస్తే తన డబ్బా తను తెచ్చుకుని ఒక మూల తినేది. ఎవరింటికి వెళ్ళినా "నేను తినే వచ్చానాంటీ" అనేది. మన రాష్ట్రం నుంచి వచ్చిన చుట్టాలు ఉట్టి అటుకులు పెట్టినా ముట్టేది కాదు. ఒక పుస్తకంలో రోజూ తిన్నదంతా రాసుకునేది, పల్లీలు ఎన్ని తిన్నదో కూడా. "మా అమ్మాయి డిసిప్లిన్ చూడండి," అని నేను నలుగురిలో గొప్పగా చెప్పేవాణ్ణి. ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో చేరాక స్నేహితులంతా కాంటీన్‌కి వెళ్తే తను లైబ్రరీలో కూర్చునేదని వాళ్ళమ్మ చెప్పింది. వెళ్ళి ఊరికే కూర్చోవచ్చు కదే అంటే, "వద్దమ్మా, ముందుంటే తినేస్తాను," అందట.

ముందుంటే తినేస్తాను. ఒక్క మెతుకు తప్పు తినని పిల్ల.

ఆ ఏడాది చలికాలంలో ఒక ఆదివారం ఆసుపత్రి వాళ్ళు ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులకి ఒక సమావేశం పెట్టారు. పాత పేషెంట్లు వచ్చి నాలుగు మాటలు చెబితే కొత్తవాళ్ళకి ధైర్యంగా ఉంటుందని మా అమ్మాయిని పిలిచారు. నేను తీసుకెళ్ళాను. కింద హాల్లో యాభై మంది ఉంటారు. బల్ల మీద మఖానా అనే వేయించిన తామరగింజలు, పల్లీపట్టీలు. మా అమ్మాయి హిందీలో చక్కగా మాట్లాడింది. మధ్యలో అంది.

"నేనూ చిన్నప్పుడు దొంగతనంగా తినేదాన్ని. స్కూల్ గేటు బయట సమోసాల బండి ఉండేది. ఒకసారి ఆలూ ఎంత వేడిగా ఉందంటే నాలుక కాలింది. పుదీనా చట్నీ గౌను మీద పడితే కుళాయి దగ్గర కడుక్కున్నాను, అమ్మకి తెలియకూడదని. అమ్మ మీద దొంగ ఒట్టు కూడా వేశాను."

అందరూ నవ్వారు. నాలుక కాలడం, చట్నీ మరక, కుళాయి. ఇవేవీ ఆ రోజు నాతో చెప్పలేదు. ఆ రోజు "ఒకటి, రెండా" అని మాత్రమే అంది. మిగిలినవి ఈ ఏడేళ్ళలో ఎక్కడినుంచో వచ్చి చేరాయి. తను అబద్ధమాడటం లేదు. తనకి నిజంగా గుర్తుంది. జరగనిది గుర్తుంది.

మాటలయ్యాక ఇందిరాపురం నుంచి వచ్చిన ఒక తల్లి ఎనిమిదేళ్ళ కూతుర్ని లాక్కొచ్చింది. రెండు జడలు, పెద్ద పొట్ట, పుల్లల్లాంటి చేతులు. రిపోర్టు తగ్గడంలేదట. "దీదీ చూడు ఎంత ధైర్యంగా ఒప్పుకుందో! నువ్వూ చెప్పు, ఏం తింటున్నావు?" అని కుదుపుతోంది.

"మైనే నహీ ఖాయా," అంది ఆ పిల్ల, నేను తినలేదని.

మా అమ్మాయి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఎంత ప్రేమగా అందో.

"నేనూ ముందు అలాగే అన్నాను బేటా. చెప్పేస్తే తేలికైపోతుంది. ఎవరూ కొట్టరు. బోల్ దో."

ఆ పిల్ల పెదవులు కదిలాయి. తల్లి ముఖం చూసింది, మా అమ్మాయి ముఖం చూసింది. ఏం చెబితే సరిపోతుందో వెతుక్కుంటోంది. ఆ చూపు నేను ఒకసారి బూట్లు వేసుకుంటూ చూశాను.

"బెహన్‌జీ," అన్నాను. "ఇంట్లో హీంగ్ ఏది వాడతారు?"

"హీంగా? డబ్బాలో వచ్చే పొడే. ఎందుకు భాయ్‌సాబ్?"

"వెనక చదవండి. మైదా ఉంటుంది. పాప చెప్పేది నమ్మండి. ముందు వంటిల్లు మొత్తం చూడండి, తర్వాత పాపని అడగండి. ఎప్పుడూ అడక్కపోయినా ఫర్వాలేదు."

మా అమ్మాయి మెల్లగా లేచింది. నన్ను చూస్తూ నిలబడింది, తర్వాత తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళింది. వెనకే వెళ్ళాను. అక్కడ ఎండలో ఒక ఖాళీ స్ట్రెచర్ ఉంది. దాని కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

"మన ఇంట్లో హీంగ్ ఎప్పుడు మార్చావు నాన్నా?"

"నీ ఆరో క్లాసులో. వానాకాలంలో."

"రిపోర్టు తగ్గింది దీపావళి తర్వాత."

"అవును."

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

తర్వాత అడిగిన మాట నేను చచ్చేదాకా మర్చిపోలేను. కోపంగా అడగలేదు. నిజంగా తెలియక, తెలిసినవాణ్ణి అడిగినట్టు అడిగింది.

"అయితే ఆ సమోసా... నేను తిన్నానా, తినలేదా?"

"తినలేదు తల్లీ. ఎప్పుడూ తినలేదు. మొదటి రోజు నువ్వు చెప్పిందే నిజం, ఒట్టు కూడా నిజమే. నేను రోజూ వేధిస్తుంటే తట్టుకోలేక తిన్నానన్నావు. నీకు విషం పెట్టింది మన చారు, అది తెచ్చింది నేను, చదవంది నేను. తెలిశాక కూడా నిన్ను దొంగగానే ఉంచాను, నా తప్పు బయటపడకుండా. ఈ రోజే మీ అమ్మకి చెబుతాను. డాక్టరు దగ్గరికెళ్ళి ఆ ఫైల్లో రాసింది కొట్టేయిస్తాను. నీ మీద నీకు నమ్మకం లేకుండా చేశాను, అదెలా తిరిగి ఇవ్వాలో నాకు తెలియదు. తప్పు చేశానమ్మా. నన్ను క్షమించు."